ఒక్క నూలు వంకర

ఒక మనిషి చనిపోయాడని విని నేను మొదట అనుకున్న మాట "హమ్మయ్య". ఈ సంగతి ముందే చెప్పేసుకుంటే మిగతాది రాయడానికి కొంచెం ధైర్యం వస్తుందని చెబుతున్నాను.

ఆ కబురు తెచ్చింది పూలమ్మే ఆవిడ. ధర్మపురిలో సేలం రోడ్డు పక్క లైన్ ఇళ్ళలో మేము కాపురమున్న రోజుల నుంచీ ఎరిగిన మనిషి. మూర వేస్తూ వేస్తూ, "మీ గోడ పక్కింట్లో ఉండె చూడు, లారీ బొమ్మలు చేసే కంపౌండరు, ఆయప్ప పోయినాడంటమ్మా కడత్తూరులో. నెల దాటినాదంట," అంది. ఆ రోజు మూర తక్కువ వేసినా నేను చూసుకోలేదు. మామూలుగా అయితే ఊరుకునే దాన్ని కాదు. ఇంటికొచ్చి మంచం అంచున కూర్చుని నీళ్ళు తాగాను. ఆయన ఎక్కడో ఒక చోట, ఎవరితోనో ఒకరితో, ఒక మాట చెప్పేస్తాడని ఎన్నో ఏళ్ళు భయపడుతూ బతికాను. ఇక చెప్పడు. అందుకే హమ్మయ్య. దాని వెనకే సిగ్గు వచ్చింది, అది ఇంకా పోలేదు.

ఆయన పేరు నాకు తెలుసు కానీ రాయను. బతికుండగా నా వల్ల ఆ పేరుకు జరిగింది చాలు.

నేను చెప్పేది ఎనభైల నాటి మాట. అప్పటికి ఆయనకు యాభై దాటి ఉంటాయి. సన్నటి ఒళ్ళు, మోచేతుల దాకా మడిచిన తెల్ల చొక్కా, దగ్గరికి వస్తే డెట్టాల్ వాసన. హైవే మీద ఒక డాక్టరు గారి క్లినిక్‌లో పని. మందులు కలపాలి, సూదులు వేయాలి, కట్లు కట్టాలి. ఒంటరి మనిషి. మాలాగే ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఇంట్లో మాట్లాడటానికి ఎవరూ లేరు కనుక ఆయన తెలుగంతా మా వాకిట్లోనే ఖర్చయ్యేది.

అంత పిరికి మనిషిని నేను నా జన్మలో చూడలేదు. రోడ్డు దాటాలంటే పక్కన ఇంకెవరైనా వచ్చి నిలబడే దాకా ఆగేవాడు, వాళ్ళ భుజం చాటున దాటేవాడు. బస్సు ఎక్కడు. చెట్టికరైలో చెల్లెలింటికి నడిచే పోయేవాడు, అదీ రోడ్డు మీద కాదు, చేల గట్ల మీద. ఆగి ఉన్న లారీకి ఎదురుగా కూడా నడవడు, వెనక నుంచి చుట్టి వస్తాడు. మేము ఆడవాళ్ళం మొహం మీదే నవ్వేవాళ్ళం. కోపం వచ్చేది కాదు. "నవ్వండమ్మా. భయం ఉంటేనే కదా మనిషి బ్రేకు తొక్కేది," అనేవాడు.

ఆ భయం ఎక్కడిదో మాకు తెలియక కాదు. సేలం పోయే దారిలో తొప్పూరు కనుమ, మా వాళ్ళ మాటలో కనవాయి, దిగుతూ బోల్తా పడిన లారీల్లోని వాళ్ళను కొందరిని ఆ క్లినిక్‌కే తెచ్చేవారు. కట్లు కట్టేది ఈయనే. కట్టు అక్కరలేని వాళ్ళ మీద దుప్పటి కప్పేదీ ఈయనే. అటువంటి రోజున ఇంటికి వస్తే కాళ్ళు కడుక్కుని అన్నం కూడా తినకుండా లారీల ముందు కూర్చునేవాడు.

లారీలంటే బొమ్మ లారీలు. పిల్లలు తాడు కట్టి లాగేవి మాత్రం కావు. అడుగుకి అంగుళం లెక్క. ఇరవైనాలుగు అడుగుల బండి ఆయన చాప మీద ఇరవైనాలుగు అంగుళాలు ఉండాల్సిందే. నూనె డబ్బాల రేకు కత్తిరించి సీసంతో అతికేవాడు. చక్రాలు అరిగిన హవాయి చెప్పులు. హెడ్‌లైట్లు ఇంజక్షన్ బుడ్ల మూతలు. ముందు అద్దం, కడిగి తెల్లగా చేసిన ఎక్స్‌రే ఫిల్ము. టార్పాలిన్ ఎవరిదో చిరిగిన గొడుగు గుడ్డ. వెనక ఎర్ర దీపాలకు గాజు ముక్కలు కావాలని మా ఇళ్ళన్నీ తిరిగేవాడు. నా గాజులు తెగ పగిలేవి, అన్నీ ఆయనకే. నిజం బండికి తలుపు మీద సొట్ట ఉంటే బొమ్మకూ అదే చోట సొట్ట. రంగు లేచిపోతే అక్కడ రంగు గీకేసేవాడు. కొత్తగా కనిపించేలా చేయమంటే నొచ్చుకునేవాడు.

అంత అచ్చంగా చేసి, తన సొంతం మాత్రం ఒకటి చేర్చేవాడు. ప్రతి లారీకీ వెనక చక్రాల కింద రెండు చెక్క ముక్కలు, బండి జారకుండా పెట్టే ఊతకట్టెలు, పెట్టేవాడు. నిజం బండికి లేకపోయినా ఆయన బండికి ఉండి తీరాలి. సమంగా ఉన్న గూట్లో కూడా అన్ని లారీలూ కట్టెలు పెట్టుకునే నిలబడి ఉండేవి.

"ఏడికి పోతాయన్నా అవి?" అని ఒకసారి ఎగతాళి చేశాను.

"పోయేటివి చెప్పి పోతాయామ్మా?" అన్నాడు.

ఏ బండి పడితే ఆ బండి చేసే మనిషి కాదు. మా లైన్ ఎదురుగా లారీ షెడ్డు ఉండేది. ఆయన రోడ్డు వారన నిలబడి, పోయే లారీలను వెనక నుంచి ఒక కన్ను మూసి చూసేవాడు. ఎన్నో పోయాక ఒకదాన్ని చూసి గొంతుక్కూర్చునేవాడు. ఆ బండి షెడ్డులో ఆగినప్పుడు ముడులు వేసిన పురికొసతో కొలిచేవాడు. ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా కుడి పక్క ఒకసారి, ఎడమ పక్క ఒకసారి. మళ్ళీ కుడి పక్క. తిన్నగా ఉండే బండి చేయవేమన్నా అంటే, "దానితో నాకేం పనమ్మా? అది బాగుండాది కదా," అనేవాడు. ఆ మాటలోనే అంతా ఉంది. నాకు అప్పుడు చెవులున్నాయి కానీ వినే తీరిక లేదు.

అలా కొలిచి చేసిన మొదటి మూడు బండ్లలో రెండు కనుమలో పడ్డాయి.

ఇక చెప్పాలా? మూడో ఇంటి అక్క నూలు వడికినట్టు సాగదీసి చెప్పింది. "మనిషికి బొమ్మ చేసి సూది గుచ్చితే సేయ్వినై అంటారు. బండికి బొమ్మ చేస్తే? వాడు సూదుల మనిషే కదే!" సేయ్వినై అంటే చేతబడి. మా వైపు ఆ మాట పగలు కూడా గొంతు తగ్గించే అంటారు. వారం తిరిగేసరికి డ్రైవర్లు ఆయనను చూస్తే పక్కకు ఉమ్మడం మొదలుపెట్టారు. కొలిచేందుకు పురికొస తీస్తే తరిమేవారు. పిల్లలకు జ్వరం వస్తే సూదికి మాత్రం ఆయన దగ్గరికే పోయేవారు, అది వేరే సంగతి.

నేను నవ్వేదాన్ని. మా బండి దాకా రానంతసేపూ నవ్వాను.

మా బండి అంటే మాది కాదు, సేలం సేటుది. నడిపేది మా ఆయన. ఆయన మా అమ్మ తమ్ముడే, కాబట్టి పెళ్ళికి ముందూ తరువాతా నాకు మామే. కడత్తూరు చింతపండో పాలక్కోడు మామిడో ఎక్కించుకుని కనుమ దిగి సేలం, అక్కడి నుంచి కేరళ. పోయినవాడు వచ్చేదాకా నా లెక్క ఒకటే: ఇప్పుడు కనుమ దిగుతుంటాడు, ఇప్పుడు దిగేసి ఉంటాడు. దిగేసి ఉంటాడనుకున్న తరువాతే పొయ్యి వెలిగించేదాన్ని.

ఒక ఉదయం బకెట్ పట్టుకుని బయటికి వచ్చేసరికి కంపౌండరు మా బండి కింద గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో పురికొస. కుడి పక్క కొలిచాడు, ఎడమ పక్క కొలిచాడు, మళ్ళీ కుడి పక్క కొలిచాడు. నా చేతిలో బకెట్ ఎప్పుడు కింద పెట్టానో నాకు తెలియదు.

"అన్నా, మా బండి వద్దన్నా. నీకు దండం పెడతాను, మా బండిని చేయొద్దు."

ఆయన లేచి నిలబడ్డాడు. నాకంటే ఆయనే ఎక్కువ భయపడుతున్నట్టు కనిపించాడు. "చేయకపోతే ఎట్ల తెలుస్తాదమ్మా? పూర్తి కానీ. పూర్తయినాక మీ ఆయనకు నేనే చెప్తాను. అంతవరకూ కనవాయి దిగనియ్యొద్దు," అన్నాడు.

నా చెవికి అది హెచ్చరికలా వినబడలేదు, బెదిరింపులా వినబడింది. మామతో చెబితే, "పిచ్చిదానివే నువ్వు. స్టీరింగు కొంచెం ఎడమకు లాగుతాది, అన్ని బండ్లూ లాగుతాయి, దానికి సేయ్వినై ఏంటికి?" అని కసిరి పడుకున్నాడు. నాలుగు రోజులు లోడు లేదు, బండి షెడ్డులోనే ఉంది. ఆ నాలుగు మధ్యాహ్నాలూ నేను గోడకు చెవి ఆనించి కూర్చున్నాను. రేకు కోసే చప్పుడు. సీసం కరిగే వాసన. నాలుగో రోజు కొత్త చప్పుడు విన్నాను: నేల మీద చక్రాలు గరగర దొర్లి టక్కున గోడకు తగిలి ఆగడం. మళ్ళీ గరగర, మళ్ళీ టక్కు. ప్రతిసారీ ఎడమ గోడకే. కనుమ దిగేటప్పుడు ఎడమ పక్క లోయ అని మామే చెప్పేవాడు.

ఐదో రోజు చింతపండు లోడు ఖాయమైంది, మరునాడు బయలుదేరాలి. పొద్దున పది గంటలప్పుడు కంపౌండరు క్లినిక్‌లో ఉంటాడు. తలుపుకు కొక్కెం తప్ప తాళం ఉండదు. పట్టపగలు, ఒంటరి మగవాడి ఇంట్లోకి, ఎవరూ చూడకుండా దూరాను. ఎవరైనా చూసి ఉంటే నా గతి ఏమిటో ఇప్పటికీ తలచుకోలేను.

చాప మీద మా బండి ఉంది. నుదుటి మీద అదే పసుపు, తలుపు మీద అదే సొట్ట, అద్దం ముందు మా మామ వేలాడదీసిన పూసలదండ కూడా. చక్రాల కింది కట్టెలు తీసి మెల్లగా తోశాను. రెండు బారలు పోయింది. పోతూ పోతూ ఎడమకు తిరిగి గోడకు కొట్టుకుంది. వెల్లకిలా తిప్పి చూశాను. వెనక ఇరుసును పట్టుకున్న ఎర్రరంగు రేకు కుడి పక్క కొంచెం వెనక్కి ఉంది. వడ్రంగుల లెక్కలో ఒక నూలు, అంగుళంలో ఎనిమిదో వంతు. అంతే తేడా. మూడో ఇంటి అక్క చెప్పిన సూది ఇదేనని నాకు నిశ్చయమైపోయింది. కావాలని వంచాడు. ఇది ఎలా పోతే అదీ అలాగే పోతుంది.

ఇంటికి పరుగెత్తి మామ కటింగ్ ప్లేయర్ తెచ్చాను. ఆ రేకు పట్టి బలమంతా పెట్టి ముందుకు లాగాను. తోసి చూశాను. కొంచెం ఎడమ. ఇంకొంచెం లాగాను. మూడోసారి బండి బాణంలా తిన్నగా పోయి ఎదురు గోడను తాకింది. ఏడుపొచ్చింది నాకు. మామను నేనే బతికించుకున్నాననుకున్నాను. కట్టెలు మళ్ళీ పెట్టి, ప్లేయర్ తెచ్చి బండి పనిముట్ల పెట్టెలో వేసి, ఆ పూట చాలా రోజుల తరువాత కడుపునిండా తిన్నాను.

మరునాడు ఉదయం లోడు కట్టి, నిమ్మకాయలు తొక్కించడానికి సిద్ధంగా ఉంది బండి. లైన్ అంతా బయటే ఉంది. కంపౌండరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన పరుగెత్తడం ఎవరమూ చూడలేదు. రెండు చేతుల్లో మా బండి బొమ్మ.

"అప్పా, రెండు నిమిషాలు. ఇది చూసి పో," అన్నాడు మామతో. "నీ బండి వెనక ఇరుసు కుడి పక్క ఒకటిన్నర అంగుళం వెనక్కి జరిగుండాది. సెంటర్ బోల్టు తెగుంటాది. కనవాయిలో లోడుతో బ్రేకు తొక్కితే ఇంకా జరుగుతాది. ముందు పడిపోయిన రెండు బండ్ల వాళ్ళకీ నోటితో చెప్పినాను, సూది పొడిచేవానికి బండి గురించి ఏం తెలుసని నవ్వినారు. అందుకే చూపిస్తాను. ఇప్పుడు చూడు, ఎడమకు ఎట్ల పోతాదో."

సిమెంటు అరుగు మీద పెట్టి తోశాడు.

బండి తిన్నగా పోయింది. ఒక్క నూలు వంకర లేకుండా అరుగు చివరి దాకా పోయింది.

డ్రైవర్లు విరగబడి నవ్వారు. మామ కూడా నవ్వాడు. అందరూ నవ్వుతుంటే ఆ మాటలు ఒక్కొక్కటీ నా తలలోకి దిగాయి. సెంటర్ బోల్టు. ఒకటిన్నర అంగుళం. బొమ్మలో ఒక నూలు. ఆయన వంచలేదు. ఉన్నది ఉన్నట్టు చేశాడు. వంకరను నేను తీసేశాను, బొమ్మలో మాత్రం.

ఆయన బొమ్మను తిప్పి అడుగు చూశాడు. ఎర్రరంగు లేచిపోయిన చోట ప్లేయర్ పళ్ళ గాట్లు ఉంటాయి, నాకు తెలుసు. వేలితో వాటిని తడిమాడు. తల ఎత్తి ఇంకెవరినీ కాదు, నేరుగా నన్ను చూశాడు. నేను నేల చూశాను. అప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే చాలు. నేనే తిన్నగా చేశానని. ఆ ఇంట్లోకి పోయానని చెప్పాలి కదా? కళ్ళెదురుగా మొగుడు చావుకు పోతున్నా ఊరి నోటికే ఎక్కువ భయపడ్డాను.

ఆయన కూడా చెప్పలేదు. బొమ్మను అరుగు మీద పెట్టి, జేబులోంచి కట్టెలు తీసి చక్రాల కింద పెట్టాడు. తరువాత నడిచిపోయి మా లారీ ఎక్కాడు. జన్మలో బస్సెక్కని మనిషి. కాలు రెండుసార్లు జారింది. పైకి పోయి సీట్లో కూర్చుని రెండు చేతులతో ముందున్న కడ్డీ పట్టుకున్నాడు.

"దిగరా!" అన్నాడు మామ.

"దిగను. నా బొమ్మకు భయపడినారు కదా. ఇప్పుడు నాకు భయపడండి. నన్ను ఎక్కించుకుని కనవాయి దిగుతావా? దిగు పోదాం."

నవ్వు ఆగిపోయింది. క్లీనరు రెండడుగులు వెనక్కి వేసి, నేను రానన్నా అన్నాడు. చేతబడి మనిషి కూర్చున్న బండిలో ఎవడు కనుమ దిగుతాడు? కొట్టి దించండని ఎవరో అరిచారు. మామ కోపంతో పనిముట్ల పెట్టె తెరిచి లోపల చెయ్యి పెట్టాడు, ఇనుప రాడ్డు కోసం. చెయ్యి పెట్టినవాడు అలాగే కొంతసేపు నిలబడ్డాడు. రాడ్డు తీయలేదు. పెట్టె మూసేసి, "సరే. పట్టరకు తోలుదాం. ఏమీ లేదని తేలితే అప్పుడు చెప్తాను వీని పని," అన్నాడు.

పట్టర అంటే రిపేరు కొట్టు. జాకీ ఎత్తి చూస్తే కమాన్ కట్టలను, అంటే ఇరుసు మీది స్ప్రింగు పట్టీలను, బిగించే సెంటర్ బోల్టు తెగి రెండు ముక్కలై ఉంది. కుడి పక్క ఇరుసు ఒకటిన్నర అంగుళం వెనక్కి జారి ఉంది. మేస్త్రీ కొలిచి, మామ మొహం చూసి, టీ చెప్పాడట.

మామ బతికాడు. అందరూ కంపౌండరు కాళ్ళు కడిగి ఉంటారని మీరనుకోవచ్చు. కానీ లైన్‌లో జనం అన్నది ఇదీ: "చూస్తిరా? వాడే చేసినాడు, దెబ్బలకు భయపడి వాడే తీసినాడు. లేకపోతే బొమ్మ తిన్నగా ఎట్ల పోయినాది?" నేను తీసిన వంకరే ఆయనకు ఉరితాడు అయింది. వారంలో ఇల్లు ఖాళీ చేయమన్నారు. చెప్పడానికి పోయిన ఆడవాళ్ళలో నేనూ ఉన్నాను. వెనక వరసలో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

లారీలన్నీ ఒక తోపుడు బండిలో పేర్చుకున్నాడు. ఒక్కోదాని చక్రాల కిందా కట్టెలు సర్ది మరీ పేర్చాడు. మా బండిని మాత్రం తెచ్చి మా గడప మీద పెట్టాడు. నేను తలుపు వెనక నిలబడి ఉన్నానని ఆయనకు తెలుసు.

"పెట్టుకోమ్మా. దీన్ని మాత్రం నమ్మొద్దు," అన్నాడు. తరువాత రోడ్డు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. దాటేటప్పుడు పక్కన నిలబడటానికి ఆ రోజు ఎవరూ పోలేదు. నేను కూడా.

అప్పటి నుంచీ నా భయం మారింది. కనుమ భయం పోయి ఆయన భయం పట్టుకుంది. ఆయన కడత్తూరులో ఉంటున్నాడని విన్నాక, అక్కడి నుంచి ఎవరు వచ్చినా వాళ్ళ మొహం చూసేదాన్ని, చెప్పేశాడేమో అని. ఎవరి మొహంలోనూ ఏమీ కనబడేది కాదు.

మొన్న పూలావిడ కబురు విన్న సాయంత్రం అటక మీది నుంచి మా బండి దించి తుడిచాను. మామకు ఇప్పుడు డెబ్బై దాటాయి, లారీ దిగి చాన్నాళ్ళయింది. ఎదురుగా కూర్చుని కంపౌండరు పోయిన సంగతి చెప్పాను. ఆ ఊపులోనే మిగతాదీ చెప్పేశాను. ఆ ఇంట్లోకి పోయానని, తిన్నగా చేసింది నేనేనని.

మామ బొమ్మ వైపు చూస్తూ, "తెలుసు," అన్నాడు.

"ఎట్ల?"

"ఆ దినం పెట్టె తెరిస్తే ప్లేయర్ పైనే ఉండె. దాని పండ్లలో ఎర్రరంగు."

"తెలిసీ వాళ్ళు ఆయన్ను తరుముతుంటే ఎందుకు చెప్పలేదు మామా?"

"నువ్వెందుకు చెప్పలేదు?"

మామ లేచి వెళ్ళి అదే ప్లేయర్ వెతికి తెచ్చాడు, పళ్ళు అరిగిపోయి ఉన్నాయి. కళ్ళద్దాలు పెట్టుకుని బొమ్మను ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, కుడి పక్క రేకును పట్టుకుని మెల్లగా వెనక్కి లాగాడు. స్కేలు పెట్టి చూసుకున్నాడు. ఇంకొంచెం లాగాడు. ఒక్క నూలు. నేల మీద పెట్టి తోశాడు.

బండి రెండు బారలు పోయి, ఎడమకు తిరిగి, గోడకు టక్కున తగిలి ఆగింది.

"ఇప్పుడు సరిగ్గా ఉండాది," అన్నాడు మామ. నేను వెళ్ళి చక్రాల కింద కట్టెలు పెట్టాను.